పాలకు పట్టిన వాసన

బర్రెలను అమ్ముదామని బాపు ఒక బేరగాణ్ణి ఇంటికి తీసుకొచ్చిన రోజునే మా ఇంట్ల పార్లర్ మాట లేచింది.

అప్పటికి మా కొట్టంల ఇరవై రెండు బర్రెలు. అందుల పదిహేడు పాలిస్తున్నయి. పిండనీకె ఇద్దరు మనుషులుండె. ఒకరి వెనుక ఒకరు ఫ్యాక్టరీలకు పోయిన్రు. అక్కడ నీడపట్టున పని, నెల కాంగనే జీతం, వారానికో సెలవు. వాళ్లను తప్పుపట్టేదేం లేదు. నేను కూడ పటాన్‌చెరు అవతల ఒక మందుల కంపెనీల కెమిస్టు ఉద్యోగానికి అట్లనే పోతున్న. ఇగ కొట్టంల మిగిలింది మా అమ్మ మల్లవ్వా, బాపూ. పదిహేడు బర్రెలు, రెండు పూటలు, నాలుగు చేతులు. అమ్మ వేళ్లకు తిమ్మిరి పట్టింది. పొద్దున లేస్తే చాయ్ గ్లాసు చేతుల నిలుస్తలేదు. డాక్టర్ మందులు రాసిచ్చిండు గని, పిండుడు బంద్ చేస్తేనే తగ్గుతదని గట్టిగ చెప్పిండు.

"పిండుడు బంద్ అంటే బర్లు బంద్," అన్నడు బాపు.

బేరగాడు బర్రెల పళ్లు చూసిండు, పొదుగులు తడిమి చూసిండు, సగం ధర చెప్పిండు. అమ్మ లోపలికి పోయి బియ్యం చెరుగుతూ కూసున్నది. ఆ చాట చప్పుడు వింటే నాకు తెలిసింది, ఆమె ఏడుస్తున్నదని.

"బాపూ, జెర ఆగు. పాలు పిండే మిషిని పెడదాం. మంచిగ కట్టిన పార్లర్, బర్రెలే నడిచొచ్చి నిలబడుతయి. అమ్మ వంగే పని లేదు, పిసికే పని లేదు."

"నడుస్తదా?"

"నడుస్తది."

"నడవకుంటే?"

"నడవకుంటే ఆ బేరగాణ్ణి నేనే పిలుస్త."

బాపు బేరగాణ్ణి వాపస్ పంపిండు. బాపు సంగయ్య అంటే ఊర్లె అందరికీ తెలుసు, మాట ఇస్తే మాటే. నన్ను కూడ అట్లనే పెంచిండు. అందుకని ఆ రోజు నేనన్న మాట ఉత్త మాటగా పోదని ఇద్దరికీ తెలుసు.

డబ్బులకు పటాన్‌చెరు దగ్గర ఇంద్రేశంల ఉన్న ప్లాటు అమ్మినం. బాపు వాచ్‌మన్‌గా పనిచేసిన రోజుల్ల, అక్కడ ఇంకా జొన్న చేన్లున్నప్పుడు కొన్న నూరు గజాలు. ఇరవై రెండున్నర లక్షలొచ్చినయి. అంత డబ్బు మా ఇంట్లకు ఒక్కసారి ఎన్నడూ రాలే. మా ఇంట్ల డిగ్రీ దాక చదివిన మొదటిదాన్ని నేనే కాబట్టి లెక్క కట్టే పని నా మీదనే పడ్డది. రేకుల షెడ్డు, గుంత, గచ్చు అన్నీ కలిపి ఎనిమిది లక్షలు. ఒకేసారి నాలుగు బర్రెలను పిండే మిషిని ఏడు. కరెంటు పోతే జనరేటర్ ఒకటిన్నర. నీళ్ల పైపులు, మురికి పోయే కాలువ, డెక్కలు జారకుండ రబ్బరు పరుపులు, వీటికి రెండు. పాలు చల్లగ దాచే స్టీలు టాంకు మూడున్నర. అన్నీ కూడితే ఇరవై రెండు. మిగిలిన యాభై వేలు అడ్డం పడితే అక్కరకొస్తయని నాకు పెద్ద ధీమా.

నేల సంగతి ఆ లెక్కల లేకుండె.

పార్లర్ల గుంత ఎందుకంటే, బర్రెలు పైన గచ్చు మీద నిలబడుతయి, పిండే మనిషి నడుము లోతు గుంతల నిలబడుతడు. అప్పుడు పొదుగు సరిగ్గ చేతికందుతది. మాది కొండాపూర్ మండలం, నల్లరేగడి నేల. ఎండకు నెర్రెలు విచ్చుతది, వానకు ఉబ్బుతది. మేస్త్రీ నర్సింగ్ గుంత గోడ కట్టి పోయిండు, ఎండకాలంల ఎవరూ అడగని వాన ఒకటి పడ్డది. తెల్లారి చూస్తే గోడ లోపలికి ఒరిగింది.

మా పెద్దబాపు పెద్దరాములు గట్టు మీద నిలబడి తొంగి చూసిండు. ఆయనకు పదెకరాల పొలం, ఒక్క బర్రె లేదు, సలహాలు మాత్రం ఇంటి నిండ.

"ఏంది బిడ్డా, బర్లకు పార్లరంటివి. కనుబొమ్మలు దిద్దుతరా, మొకానికి పూతలు పెడ్తరా?"

"నీకు కూడ ఒక సీటు పెట్టిస్త పెద్దబాపూ, రా."

"నాకెందుకు? నేను పుట్టుడే అందగాణ్ణి పుట్టిన," అని మీసం దువ్వుకుంట పోయిండు. నవ్వినం గని, గోడ ఒరిగే ఉండె.

రేగడంత తోడి పారేసి గట్టి నేల తగిలిందాక తవ్వి, మొరం నింపి, మళ్ల కట్టిచ్చేసరికి రెండు లక్షలు. త్రీ ఫేజ్ కరెంటుకు మా చేను దాక స్తంభాలు లేవు; అది ఇంకో లక్ష. అన్నీ పోయినంక చేతుల లక్ష మిగిలింది. టాంకేమో మూడున్నర. టాంకు లేకుంటే పార్లర్ ఎంత మంచిగున్నా దండగ. ఎండకాలంల పాలు గంటల్ల విరుగుతయి, సాయంత్రం డెయిరీ వ్యాను వచ్చేదాక ఆగయి.

గులాం మొహమ్మద్ చాచా యాదికొచ్చింది అప్పుడే. ఆయనది పటాన్‌చెరుల పాత ఇనుము, స్టీలు సామాను దుకాణం. ఇల్లు సంగారెడ్డిల. నేను గౌను తొడుక్కున్న వయసు నుంచి వాళ్లింటికి మా పాలే పోతున్నయి. బాపూ, నేనూ దుకాణానికి పోతే కుప్పల నడుమ నుంచి తోవ చేసుకుంట ఒక టాంకు ముందర నిలబెట్టిండు. చేత్తో దుమ్ము తుడిస్తే లోపల అద్దం లెక్క మెరిసింది.

"చూడు బేటీ, అసలు స్టీల్. కొత్తది కొంటే దీని నాలుగింతలు. మూతపడ్డ కంపెనీల వేలంల పట్టిన."

"ఏం కంపెనీ చాచా?"

"మందులదే."

నేను, బాపు ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం.

"పరేషాన్ కావద్దు. ఇది శుద్ధి చేసిన నీళ్లు దాచేది. మందు బొట్టు గూడ పడలే. సంగయ్య భాయ్, నా మనుమరాలు మాహిరా తాగే పాలు ఈ టాంకులకెల్లే వస్తయి. నేను అబద్ధమాడి యాడికి పోత?"

టాంకు తొంభై వేలు. చల్లబరిచే మిషిని బిగించనీకె ఎనభై వేలు. తక్కువ పడ్డ డెబ్బై వేలు నా చిట్టీల నుంచి తీసిన. ఇంటికొచ్చి ముగ్గురం కూసోని మాట్లాడుకున్నం. నేను చెప్పిన, "నీళ్ల టాంకన్నది చాచా మాట. రుజువు మన దగ్గర లేదు."

"నాకు గులాం మాట చాలు," అన్నడు బాపు.

"మంచిగ కడుగు బిడ్డా," అన్నది అమ్మ.

కడిగిన. మా కంపెనీల మిషన్లు ఎట్ల కడుగుతరో అట్ల. సోడా నీళ్లతో ఒకసారి, ఆమ్లం నీళ్లతో ఒకసారి, మసిలే నీళ్లతో నాకు తృప్తి అయ్యేదాక. తల లోపల పెట్టి వాసన చూసిన. స్టీలు వాసన తప్ప ఏం లేదు. అయినా మనసుల ఒక మూల ముల్లు ఉండనే ఉండె.

మిషిని కంపెనీ నుంచి సాయికిరణ్ అనే టెక్నీషియన్ వచ్చి అన్నీ బిగించిండు. మోటారు చాలు చేసిండు. అది బుర్రుమనంగనే బర్రెలన్నీ తలలెత్తినయి. ముందుండే ముర్రా బర్రె, మేం పెద్దకొమ్ముది అంటం, గడప దాక వచ్చి ఆగింది. అది ఆగితే ఎనకటివన్నీ ఆగినయి. తోస్తే తోకలు ఆడించినయి తప్ప కదలలే. ఎట్లనో లోపలికి తోలి నాలుగింటి చన్నులకు మిషిని కప్పులు తగిలిస్తే, పాలు ఎగబట్టినయి. ఒక్క చుక్క ఇయ్యలే.

"కొన్ని రోజుల్ల అలవాటైతయి మేడం," అన్నడు సాయికిరణ్. "తొట్టిల ఏదైనా ఇష్టమైన మేత పెట్టండి."

ఇష్టమైన మేత అనంగనే బాపు చిటికె వేసిండు. "పిప్పి!"

మా దిక్కు బీరు ఫ్యాక్టరీలున్నయి. బార్లీ ఉడికించి నీళ్లు తీసుకున్నంక మిగిలే తడి పిప్పిని ట్రాక్టర్లల్ల తెచ్చి అమ్ముతరు. దాణా కంటె అగ్గువ. బర్రెలు దానికోసం ప్రాణమిస్తయి. మా ఇంట్ల అది ఎప్పుడైనా పాలు పిండుడు అయిపోయినంక, మేతకు తోలే ముందర పెట్టేటోళ్లం. ఇప్పుడు పార్లర్ లోపలి తొట్టిల పోసినం. పెద్దకొమ్ముది ముట్టె ఎత్తి గాలి పీల్చింది. ఒక అడుగు, ఇంకో అడుగు, తరువాత ఉరుకుడే. దాని ఎనుక మిగిలినయి తోసుకుంట వచ్చినయి. తల తొట్టిల పెట్టి తింటుంటే కింద కప్పులు తగిలించింది కూడ వాటికి తెల్వలే. గాజు గొట్టంల పాలు తెల్లగ ఉరికినయి.

పెద్దబాపు మళ్ల వచ్చి చూసి, "మంచిగుంది సంగయ్యా! పార్లరే గాక బారు గూడ తెరిచినవా?" అన్నడు. బాపు సంతోషంల ఆయనకు చాయ్ పోయించిండు.

అమ్మ గుంతల నిలబడి కప్పు తీసుడు, పెట్టుడు అంతే. నడుము వంగలే, వేళ్లు నొక్కలే. వారం అట్లనే గడిచింది. ఎండలు ముదిరినయి. పిప్పి ట్రాక్టర్ ఒకసారి ఆలస్యంగ వచ్చింది, వచ్చిన లోడు కూడ ఆవిర్లు కక్కుతుండె. బర్రెలు ఇంకా ఇష్టంగ తిన్నయి. మేం పట్టించుకోలే.

మా ల్యాబుల ఫోన్ లోపలికి తీసుకపోనియ్యరు. ఆ రోజు అన్నానికి బయటికొచ్చి చూస్తే జులేఖా చాచీ, గులాం చాచా భార్య, నాలుగుసార్లు చేసింది. తిరిగి చేసిన.

"రవళీ, పాలు కాగబెడుతుంటె వాసనొస్తుంది బేటీ."

"ఏం వాసన చాచీ? విరిగినయా?"

"విరగలే. దవాఖానాల సూది ఇచ్చే ముందర దూదితోని రుద్దుతరు గద, గట్ల. స్పిరిట్ వాసన. నిన్న గూడ జెర అనిపించింది, నా ముక్కుదే తప్పనుకున్న. ఇయ్యాల మాహిరా గ్లాసు దూరం నూకేసింది."

అన్నం డబ్బా మూసేసిన. మా కంపెనీల డ్రమ్ములకొద్దీ ఆ రకం ద్రవాలుంటయి. ఆ వాసన నాకు తెలుసు. వెల్డింగ్ సందుల్ల, మూత రబ్బరుల ఏండ్ల కింద ఇంకింది ఇప్పుడు పాల కొవ్వుల దిగుతుందా? నీళ్ల టాంకు కాకపోతే? మందుల కంపెనీలు వదిలే విషపు నీళ్ల మీద ఇక్కడి ఊర్లల్ల ఎంత కొట్లాట! ఆ కంపెనీ సామానే మేం పైసలిచ్చి కొనుక్కొచ్చి పాలు పోసినం.

"ఎవ్వరూ తాగొద్దు చాచీ. నాకు టాంకు మీదనే అనుమానం. ఇంటికి పోయి చూస్త."

పర్మిషన్ అడిగి బయటపడ్డ. బస్సుల కూసోని పాలు పోయే ఇండ్లన్నింటికీ ఫోన్లు చేసిన. "పాలల్ల ఏదో తేడా ఉన్నది, తాగకుండ్రి, పైసలు వాపస్ ఇస్తం." కొందరు మంచిగ మాట్లాడిన్రు. ఒకామె, "ఇదేంది, పొద్దుగాల్ల చెప్పాలె గద, మా ఆయన రెండు చాయలు తాగి పోయిండు," అని కోప్పడ్డది.

ఇంటికి చేరేసరికి పాల వ్యాను వచ్చి నిలబడి ఉన్నది. టాంకుల పొద్దటి పాలు, అరవై లీటర్ల దాక. బాపు పైపు బిగించబోతుండు.

"బాపూ, పంపొద్దు."

"నేను చూసిన. నాకేం వాసన రాలే. నువ్వు చూడు."

చూసిన. నాకు కూడ సరిగ్గ తెలుస్తలేదు. రోజంత ల్యాబుల రసాయనాల నడుమ ఉండే ముక్కు అది.

"చాచీకి వచ్చింది. మాహిరాకు వచ్చింది."

"ఆపితే ఎందుకాపినవని అడుగుతరు. వాసనుందని చెప్తే రేపటి సంది మన పాలు ఎవడు కొంటడు?"

"చెప్పకుండ పంపితే, తాగి ఎవరన్న పడిపోతే?"

"టాంకు ఖరాబైతే కొత్తది కొననీకె మూడున్నర యాడున్నయి?" బాపు చేతుల పైపు ఇంకా వదలలే. "ప్లాటు పాయె. నీ చిట్టీ పాయె. ఇగ బర్లు గూడ..."

బేరగాణ్ణి నేనే పిలుస్తనని ఇచ్చిన మాట మా ఇద్దరి నడుమ నిలబడి ఉన్నది.

అమ్మ గుంతలకెల్లి మెట్లెక్కి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంట వ్యాను డ్రైవర్ దిక్కు తిరిగి, "ఇయ్యాల పాలు లేవు నాయనా. పో," అన్నది. తరువాత బాపుతోని, "తాగేది పసిపిల్లలు. ఏమైతే అదైతది," అన్నది. ఆ మాటతోటి వాదన అయిపోయింది.

వ్యాను పోయిన తోవలనే గులాం చాచా స్కూటర్ వచ్చింది. ఎనుక జులేఖా చాచీ, ఒళ్లె ఆ వాసనొచ్చిన పాల డబ్బా. చాచా స్కూటర్ స్టాండ్ కూడ సరిగ్గ వేయలే.

"సంగయ్య భాయ్! నా టాంకు మీద అనుమానమట! ఇరవై ఏండ్ల దోస్తానా. నేను నీకు జహర్ అమ్ముతనా?"

"నేనేమన్న అన్ననా గులాం భాయ్?"

"అనకున్నా మొకం జూస్తె తెల్వదా? తే, ఒక గ్లాసు తే. మీ అందరి ముందల తాగుత."

"తాగుడు ఒద్దు చాచా," అని అడ్డం పోయిన. "తాగి చూపిస్తే ఏం తేలదు. అనుమానం టాంకు మీద అయితే, టాంకు ముట్టని పాలు ఎట్లున్నయో చూడాలె. అప్పుడు నీ మాటా తేలుతది, మా భయమూ తేలుతది."

మా కంపెనీల లక్షల మిషన్లున్నయి వాసన పట్టనీకె. ఆ సాయంత్రం నాకు దొరికిన మిషను జులేఖా చాచీ ముక్కు. ఆమెను అరుగు మీద గోడ దిక్కు మొకం పెట్టి కూసోబెట్టిన, ఏ గ్లాసు ఏదో తెల్వకుండ.

"ఏంది బేటీ ఇది, నన్ను శిక్షేసినట్టు!"

"ఎనుకకు చూడొద్దు చాచీ. ఉన్నదా, లేదా, గంతే చెప్పు."

"ఇంట్ల గూడ ఈమె ముక్కుతోనే పరేషాన్," అన్నడు చాచా. "నేను బయట బజ్జీ తిన్నది గూడ వాకిట్లనే పడుతది."

సాయంత్రం పిండే వేళ కాబట్టి బర్రెలు ఎప్పటిలెక్కనే పార్లర్ల నిలబడి మేస్తున్నయి. మొదటి గ్లాసు టాంకులది, కొంచెం వేడి చేసి ఇచ్చిన. చాచీ ముక్కు దగ్గర పెట్టుకోంగనే తల తిప్పింది. "ఉన్నది." చాచా ముఖం వాడిపోయింది. రెండోది, టాంకుల పోకుండ మిషిని నుంచి బకెట్లకు పట్టింది. "ఉన్నది. అదే వాసన."

ఇగ మూడోది. అమ్మను పిలిచి, కడిగిన గిన్నెల పెద్దకొమ్ముదాని పాలు చేత్తో పిండమన్న. తిమ్మిరి వేళ్లతోటే రెండు ధారలు పిండింది. గొట్టం లేదు, రబ్బరు లేదు, టాంకు లేదు. వేడి చేసి చాచీ చేతికిచ్చిన.

ఆమె వాసన చూసింది. ఆగింది. మళ్ల చూసింది.

"ఉన్నది బేటీ. ఇందుల గూడ ఉన్నది."

"అల్హందులిల్లా!" అని చాచా అరుగు మీద చతికిలపడ్డడు. తరువాత తేరుకొని, "అంటే మంచిదా, చెడ్డదా?" అన్నడు.

నాకు కూడ అదే తెలుస్తలేదు. టాంకు ముట్టని పాలకు వాసనుందంటే, అది బర్రె లోపలికెల్లే వస్తుంది. బాపు ఒక్క మాట అన్నడు, "బోరు నీళ్లా?" గుమ్మడిదల దిక్కు మా చుట్టాల ఊర్లె కంపెనీల నీళ్లు ఇంకి బోర్లు చెడిపోయిన సంగతి ఎవరికి తెల్వదు? టాంకు పోతే మూడున్నర లక్షలు. బోరు పోతే ఊరే పోయినట్టు.

"అమ్మా, పార్లర్లకు రాని బర్రె ఏదన్న ఉన్నదా, పాలిచ్చేది?"

"బాలింతది ఉన్నది గద, పాత కొట్టంల. పక్షం కింద ఈనింది. దాన్ని ఇంకా చేత్తోనే పిండుతున్న, ఆ పాలు దూడకూ మన చాయ్‌కే."

ఆ బర్రె కూడ అదే బోరు నీళ్లు తాగుతది, అదే గడ్డి తింటది. దాని పాలు పిండించి తెచ్చిన. చాచీ ముక్కు దగ్గర పెట్టుకున్నది. ఈసారి తల తిప్పలే. ఇంకా దగ్గరకు తీసుకున్నది. తరువాత గుటుక్కున ఒక గుక్క తాగింది.

"ఇవి పాలు! ఇవి మల్లవ్వ పాలు. వాసన లేదు, గీసన లేదు."

"నీళ్లు అవే, గడ్డి అదే," అని నాలో నేను గొణుక్కున్న. "మరి దీనికీ వాటికీ తేడా ఏంది?"

"ఏముంటది? దానికి బెల్లం, మెంతులు, సజ్జ జావ పోస్తున్న. బాలింతకు పిప్పి పెడ్తరా ఎవరన్న?" అన్నది అమ్మ.

నేను పార్లర్లకు ఉరికిన. తొట్టి నిండ పిప్పి. ఎండకు పులిసి ఆవిరి లేస్తుంది. లోపల వంగి గట్టిగ పీల్చిన. ఘాటుగ, పుల్లగ, స్పిరిట్ లెక్క ముక్కుల కొట్టింది. పార్లర్ లేనప్పుడు పిండినంక పెట్టినం కాబట్టి మళ్ల పిండే వేళకు ఆ వాసన బర్రె ఒంట్లకెల్లి పోయేది. ఇప్పుడు పిండే ముందరా అదే, పిండేటప్పుడూ అదే. దాని మీదనే ముట్టె పెట్టి ఊపిరి పీలుస్తయి. తిన్న వాసన, పీల్చిన వాసన తిన్నగ పొదుగులకు దిగుతుంది.

"చాచీ, ఒకసారి ఇటు రా!"

ఆమె గడపల అడుగు పెట్టిందో లేదో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది. "ఇదే! తోబా తోబా, ఇదే గద!"

చాచా పిడికెడు పిప్పి తీసి వాసన చూసి బాపు దిక్కు తిరిగిండు. "నేను జిందగీల బీరు ముట్టలే, నాకు తెల్వదంటే అర్థముంది. సంగయ్య భాయ్, నీకు తెల్వకపోవుడేంది?"

బాపు మెడ గోక్కున్నడు. "ఇంటి ఎనుకనే కుప్ప ఉండె గద. ముక్కు మొద్దుబారింది."

"కుప్పతోనేనా మొద్దుబారింది?" అన్నది అమ్మ. అంత భయంల నుంచి వచ్చినం కదా, అందరం ఒక్కసారే పగలబడి నవ్వినం. చాచీ నవ్వుతూ నవ్వుతూ గుంత మెట్టు మీదనే కూసున్నది. బర్రెలు తలలెత్తి మమ్మల్ని చూసి మళ్ల తొట్టిల ముట్టెలు పెట్టినయి.

నవ్వు ఆగినంక ఆ రోజు పాలన్నీ పెంటగుంతల పారబోసినం. బకెట్లు బాపే వంచిండు.

అంతటితో టాంకుకు మంచి పేరు వచ్చినట్టు కాదని నేను చెప్పిన. చేత్తో పిండిన పాలకు కూడ వాసనుండె కాబట్టి, వాసనకు కారణం పిప్పి అని తేలింది. టాంకుల ఇంకేం లేదని తేలలే. చాచా ఈసారి కోపం చేసుకోలే. "నువ్వు చదివినదానివి, నీ తృప్తి నువ్వు చేసుకో," అన్నడు. పరీక్ష కోసమే మరునాటి పాలు కొన్ని టాంకుల రాత్రంత నిలవ ఉంచి, వాటిని హైదరాబాద్‌ల ఒక బయటి ల్యాబుకు ఇచ్చిన. అది తేలేదాక టాంకు వాడలే. మిషిని పాలు తిన్నగ క్యాన్లల్ల పట్టి, మంచుగడ్డలు పెట్టి, వ్యానుకు తొందరగ రమ్మని బతిమాలినం.

పిప్పిని పిండినంకనే పెట్టుడు మళ్ల మొదలైంది. పార్లర్ తొట్టిల పిడికెడు పత్తి చెక్క మాత్రమే. బర్రెలు రావేమోనని భయపడ్డం. అన్నీ వచ్చినయి, అప్పటికే తోవ అలవాటైంది. పెద్దకొమ్ముది మాత్రం పిప్పి లేని తొట్టి చూసి గుర్రున ఊపిరి వదిలి, అమ్మ దిక్కు తిరిగి చాలాసేపు చూసింది. అమ్మ దాని మెడ గోకి, "ఏం జేద్దామే, నీ బారు బందైంది," అన్నది. కాసేపటికి అది కూడ చేపి పాలిచ్చింది.

ల్యాబు నుంచి ఫోన్ వచ్చిన రోజు నేను కంపెనీ క్యాంటీన్ల ఉన్న. నేను అడిగిన రసాయనాలేవీ ఆ పాలల్ల లేవన్నరు. రెండుసార్లు చెప్పించుకున్న. బాపుకు ఫోన్ చేస్తే, "గులాం చెప్పిండు గద," అన్నడు, ఏదో తనకు మొదటి నుంచి తెలిసినట్టు. ఫోన్ పెట్టే ముందర ఇంకో మాట అన్నడు. "బిడ్డా, ఇగ ఆ బేరగాడు ఫోన్ చేస్తే నువ్వే మాట్లాడు. నాకు ఖాళీ లేదని చెప్పు."

మరుసటి పొద్దున పాలు టాంకుల నుంచి ఇండ్లకు పోయినయి. నాకు ఆదివారం సెలవు. ముగ్గురం అరుగు మీద చాయ్ తాగుతున్నం గని చెవులన్నీ ఫోన్ మీదనే. మొదట చేసేది చాచీనే అని తెలుసు. చేసింది. అమ్మ స్పీకర్ నొక్కింది.

"మల్లవ్వా, కాగబెట్టిన. వాసన లేదు."

అమ్మ కండ్లు మూసుకున్నది.

"కని మీగడ పల్చగ కట్టింది. మిషిని పెట్టినంక నీళ్లు గిట్ల కలుపుతున్నవా ఏంది?"

అమ్మకు నవ్వు మొదలైంది. గ్లాసు కింద పెట్టి మరీ నవ్వింది. ఏండ్ల సంది చాచీ నోట వింటున్న మాట అది, ఎప్పుడు విన్నా ఒళ్లు మండే మాట.

"నీళ్లు కలిపే మనిషినైతే నీ ఇంటి దాక ఎందుకొస్త జులేఖా, బోరు దగ్గరనే కూసుంట! మంట తగ్గించి కాగబెట్టు. దాని మీద మూత పెట్టకు. మీగడ రాకుంటె అప్పుడు అడుగు."

"ఎన్నాళ్ల సంది కాగబెడుతున్న, నాకు చెప్తున్నవా?"

"నీకు గాక ఎవరికి చెప్పాలె?"

ఇద్దరూ అట్ల చాలాసేపు కొట్లాడుకున్నరు. ఫోన్ పెట్టినంక బాపు, అంత విని గూడ విననట్టు, అడిగిండు, "ఏమంటది?"

"నీళ్లు కలుపుతున్నమట."

"అట్లనా," అన్నడు బాపు. ముఖమంత వెలుగు. "అయితే సాయంత్రం వాళ్లింటికి ఒక పావు ఎక్కువ పోసి రా."

"ఎక్కువా? ఎందుకు, నీళ్లు కలిపిన పాలకా?" అని అమ్మ మళ్ల నవ్వుకుంట పార్లర్ కడగనీకె లేచింది.